సముద్రానికి దక్కనివ్వం



సంఘ పత్రికలో సినిమా గురించి రాయడమేమిటని పెద్దలలో కొందరు అడుగుతారని మాకు తెలుసు. తెర మీద చూపించేదంతా ఇంటిల్లిపాదీ కూర్చొని చూడదగినది కాదన్న మాటా నిజమే. అయినా మంచి ఎక్కడ కనబడినా ఏరుకొని తెచ్చుకోవడంలో తప్పు లేదు గనుక, 1954లో ఇంగ్లండులో తీసిన ఒక నలుపు తెలుపు చిత్రాన్ని గురించి ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాము. ఇందులో ఒక్కడే లేచి పదిమందిని పడగొట్టే కథానాయకుడు లేడు. నీళ్లలో పడిన నలుగురు మనుషులు, వారిని వెదకడానికి బయలుదేరిన ఒక లాంచి. కథంతా ఇంతే. గంటన్నరలో ముగిసిపోతుంది. మనసులో మాత్రం చాలాకాలం నిలుస్తుంది.

ఆ చిత్రం పేరు 'ది సీ షల్ నాట్ హ్యావ్ దెమ్'. మన మాటలో చెప్పాలంటే 'వారిని సముద్రానికి దక్కనివ్వం' అని. ఇది సినిమావారు కల్పించిన పేరు కాదు. బ్రిటిష్ వైమానిక దళంలో సముద్ర రక్షణ పని చేసిన వారు తమ నినాదంగా పెట్టుకొన్న మాట. జాన్ హారిస్ అనే రచయిత 1953లో ఇదే పేరుతో నవల రాశారు. దానిని లూయిస్ గిల్బర్ట్ తెరకెక్కించారు. తరువాతి కాలంలో మూడు జేమ్స్ బాండ్ చిత్రాలు తీసిన దర్శకుడు ఈయనే. యుద్ధకాలంలో తానూ వైమానిక దళంలో పనిచేసినవాడు గనుక ఆ మనుషుల తీరుతెన్నులు ఆయనకు తెలుసు.

నలుగురు, ఒక తెప్ప

కథ 1944 శరదృతువులో జరుగుతుంది. యుద్ధం ఇంకా ముగియలేదు. హడ్సన్ అనే రకం విమానం ఒకటి ఇంగ్లండుకు వస్తూ శత్రువుల దెబ్బ తిని ఉత్తర సముద్రంలో దిగిపోతుంది. విమానం మునిగేలోగా అందులోని నలుగురూ రబ్బరు తెప్పలోకి ఎక్కుతారు. వారిలో ముగ్గురు విమాన సిబ్బంది. నాలుగోవాడు ఎయిర్ కమడోర్ వాల్ట్‌బీ అనే పెద్ద అధికారి. సైన్యంలో బ్రిగేడియరు హోదా వంటిది ఆయనది. శత్రువుల రహస్య ఆయుధానికి సంబంధించిన కాగితాలున్న సంచి ఆయన చేతిలో ఉంటుంది. ఈ పాత్రను మైకేల్ రెడ్‌గ్రేవ్, విమాన సిబ్బందిలో ఒకరైన మకే పాత్రను డర్క్ బొగార్డ్ ధరించారు.

భూమి మీద ఉన్నంతసేపు ఆ అధికారి ఎదుట మిగతా ముగ్గురూ నిటారుగా నిలబడి వందనం చేయవలసిందే. తెప్పలో నిలబడడానికే చోటు లేదు. అందరి మోకాళ్లూ ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. అందరి బట్టలూ ఒకే ఉప్పునీటిలో తడిశాయి. చలి హోదా అడగదు. కాసేపటికి ఒకరినొకరు మాటలతో బ్రతికించుకోవడం తప్ప వారికి వేరే పని ఉండదు. ఒకరు నిస్పృహ చెందితే మరొకరు లేపాలి. నిద్రలోకి జారిపోయే వానిని తట్టి కూర్చోబెట్టాలి. మన ఊళ్లలో ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ఏ అరుగు మీద కూర్చోవాలి అనే లెక్కలు ఎన్ని తరాలు సాగాయో మీకు తెలియనిది కాదు. తెప్పలో పడితే అలాంటి లెక్కలు ఎంతసేపు నిలుస్తాయో ఈ చిత్రం చూసినవారు ఆలోచించుకోవచ్చు.

పాఠం నేర్పిన వేసవి

ఈ రక్షణ సేవ ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి. 1940 వేసవిలో జర్మన్ విమానాలు ఇంగ్లండు మీదికి వచ్చినప్పుడు, వాటిని అడ్డుకొన్న యువకులలో అనేకులు పారాషూట్లతో ఇంగ్లీషు ఛానల్ నీళ్లలోకి దూకవలసి వచ్చింది. అగ్నిని తప్పించుకొన్నారు, తుపాకిగుండును తప్పించుకొన్నారు, కాని నీటిలో చనిపోయారు. ఒక్కరే నడిపే యుద్ధ విమానాలలోని వారికి తేలడానికి గాలితో నింపే చొక్కా ఒకటే ఉండేది, తెప్ప ఉండేది కాదు. గాలికంటె చన్నీళ్లు ఒంటి వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. ముందు వేళ్లు పట్టు తప్పుతాయి, తరువాత ఆలోచన మందగిస్తుంది. ఎవరైనా వచ్చి తాడు విసిరినా పట్టుకొనే శక్తి ఉండదు.

ఆ విషయంలో జర్మన్లు ముందే సిద్ధపడి ఉన్నారు. వారి విమానాలలో తెప్పలుండేవి. నీటిని రంగుమయం చేసి, పైనుండి చూసేవారికి గుర్తు తెలిపే పొడి వారి దగ్గర ఉండేది. నీళ్ల మీద దిగగల విమానాలు వారిని ఎత్తుకుపోయేవి. బ్రిటిష్ వారు శత్రువు చేసే మంచి పనిని చూసి నేర్చుకొన్నారు. 1941 తొలి నెలల్లో గాలిలోను నీటిలోను వెదికే పనులన్నిటినీ ఒకచోట చేర్చి ప్రత్యేక రక్షణ విభాగాన్ని ఏర్పాటు చేశారు.

వైమానిక దళానికి పడవలేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. నీళ్ల మీద దిగే విమానాలకు సహాయంగా ఆ దళానికి 1918 నుండే సొంత పడవలున్నాయి. అయితే అవి నెమ్మదిగా కదిలేవి. 1931లో ప్లిమత్ దగ్గర అలాంటి విమానం ఒకటి కూలినప్పుడు చూసినవారిలో, అరేబియా లారెన్సుగా లోకమంతా ఎరిగిన టి. ఇ. లారెన్స్ ఒకరు. అప్పటికి ఆయన పేరు మార్చుకొని అదే దళంలో సామాన్య ఉద్యోగిగా పనిచేస్తున్నారు. వేగంగా పోయే పడవలు కావాలని పట్టుబట్టి, వాటిని తయారుచేసే పనిలో ఆయన కూడా శ్రమించారు. 1935లో ఆయన మరణించారు. మరుసటి సంవత్సరమే మొదటి వేగపు లాంచి సేవలోకి వచ్చింది. యుద్ధకాలంలో వచ్చిన 63 అడుగుల లాంచీలు గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో అలల మీద దూసుకుపోయేవి.

సేవ పెరిగేకొద్దీ పద్ధతులూ పెరిగాయి. 1943 నుండి విమానాల పొట్ట కింద కొయ్య పడవను కట్టి, నీటిలో ఉన్నవారి దగ్గర పారాషూట్లతో దించేవారు. అఫా ఫాక్స్ అనే పడవల నిపుణుడు దానిని రూపొందించారు. అందులో ఇంజను, తెరచాప, ఆహారం, ఎలా నడపాలో తెలిపే కాగితాలు ఉండేవి. అలాంటి పడవలను మోసిన విమానాలలో, ఈ సినిమాలో నీళ్లలో పడిన హడ్సన్ రకమూ ఉంది. యుద్ధం ముగిసేసరికి ఈ రక్షణ సేవ కాపాడిన ప్రాణాలు దాదాపు 13 వేలు అంటారు. వారిలో స్వదేశపు వైమానికులే కాదు, మామూలు పౌరులు, శత్రు విమానాలలో వచ్చినవారు కూడా ఉన్నారు. నీళ్లలో ఉన్నవాని చేయి పట్టుకొనేటప్పుడు అతడు ఎవరి పక్షమని అడగలేదు.

లాంచి మీది మనుషులు

ఇక సినిమాలోని లాంచి దగ్గరకు వద్దాము. దాని సంఖ్య 2561. ఆంథొనీ స్టీల్ ధరించిన ట్రహెర్న్ అనే యువ అధికారి దానిని నడుపుతాడు. నైజెల్ పాట్రిక్ ధరించిన స్లింగ్స్‌బీ అనే సార్జెంటు సిబ్బందిని ఒక్క క్షణం కుదురుగా ఉండనివ్వడు. ఇది తుడవలేదేమి, అది కట్టలేదేమి అని వెంటబడి సతాయిస్తూనే ఉంటాడు. వారిలో మహావీరులెవరూ కనబడరు. ఇంటి సమస్యలు మోసుకొచ్చినవారు, పని తప్పించుకోవాలని చూసేవారు, కొత్తగా చేరి అలలకు కడుపులో తిప్పి విలవిలలాడేవారు. మన ఇళ్లలో, మన సంఘాలలో ఉండే మనుషుల వంటివారే.

కష్టాలు కూడా వీరోచితమైనవి కావు. వాతావరణం పాడవుతుంది. ఇంజను మొరాయిస్తుంది. వంటగదిలో మంటలు లేస్తాయి. నవ్వు పుట్టించే చిన్న సంగతిలా కనబడవచ్చు గాని, ఆ కాలపు లాంచీలు కొయ్యతో చేసినవి, పెట్రోలుతో నడిచేవి. పొయ్యి దగ్గర ఒకరి అజాగ్రత్త లాంచినంతటినీ కాల్చివేయగలదు. అప్పుడు నీళ్లలో నలుగురు కాదు, ఇంకా ఎందరో ఉంటారు.

ఇక్కడే సార్జెంటు చాదస్తానికి అర్థం తెలుస్తుంది. ఒడ్డున ఉన్నప్పుడు అతని సణుగుడు విసుగు పుట్టిస్తుంది. నడి సముద్రంలో అదే అందరినీ కాపాడుతుంది. మన ఇళ్లలో కూడా లాంతరులో నూనె ఉందా, గొళ్లెం పడిందా, బావి మీద మూత ఉందా అని పదేపదే అడిగే పెద్దవారుంటారు. పిల్లలు విసుక్కుంటారు. ఆపద వచ్చిన రోజున ఆ విసుగు గుర్తుండదు.

గంట గడిచేకొద్దీ

నీటిలో పడినవారిని వెదకడం ఎంత కష్టమో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. తెప్ప గంటకు రెండు మైళ్ల చొప్పున కొట్టుకుపోతుందనుకొందాము. ఏ వైపుకో తెలియదు. ఒక గంట తరువాత అది రెండు మైళ్ల దూరంలో ఎక్కడైనా ఉండవచ్చు, అంటే దాదాపు 12 చదరపు మైళ్లలో వెదకాలి. ఆరు గంటలయ్యేసరికి దూరం 12 మైళ్లవుతుంది, వెదకవలసిన నీరు దాదాపు 450 చదరపు మైళ్లకు చేరుతుంది. గంటలు ఆరు రెట్లయితే వెదకవలసిన స్థలం 36 రెట్లయింది. అందుకే రక్షకులు గాలి ఎటు వీస్తోంది, పోటు ఎటు లాగుతోంది అని లెక్కకట్టి, పటం మీద గీతలు గీసుకొని, పొలం దున్నినట్లు చాలు వెంట చాలు సముద్రాన్ని దాటుతారు. అంత చేసినా కెరటాల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కనబడుతుంది. తెప్ప అల పైకి లేచినప్పుడు కనబడి, మరు క్షణంలో మాయమవుతుంది.

చిత్రంలో చీకటి పడుతుంది. తెప్పలోని వారికి లాంచి కనబడదు, లాంచిలోని వారికి తెప్ప కనబడదు. దర్శకుడు మనకు మాత్రం రెండింటినీ మార్చి మార్చి చూపిస్తాడు. ఒకచోట నలుగురు తమను ఎవరూ వెదకడం లేదేమోనని భయపడుతూ ఉంటారు. మరొకచోట కొందరు పాడైన ఇంజనుతో, కాలిన వంటగదితో వారి కోసమే నీళ్లలో తిరుగుతూ ఉంటారు. మనం తెప్పలోని వారితో 'వారు వస్తున్నారు, ఇంకొంచెం ఓర్చుకోండి' అని కేక వేయాలనుకొంటాము. ఆ మాట వారికి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. ఈ చిత్రంలో మమ్మును ఎక్కువగా కదిలించినది ఇదే.

చివరకు తెప్ప శత్రువుల ఆధీనంలో ఉన్న బెల్జియం తీరం దగ్గరకు కొట్టుకుపోతుంది. ఒడ్డునున్న ఫిరంగులు పేలుతుండగా లాంచి తిరిగిపోకుండా లోపలికి వస్తుంది. వారిని తీసుకొని బయటపడుతుంది.

నూనె అంటిన రెక్కలు

సినిమాలో లేకపోయినా, ఆ సముద్రం మీదనే నిజంగా జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. 1942 ఫిబ్రవరిలో బోఫర్ట్ అనే రకం బాంబరు విమానం నార్వే వైపు నుండి వస్తూ ఉత్తర సముద్రంలో కూలింది. నలుగురు సిబ్బంది. వారున్న చోటు ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆ కాలంలో బాంబరు విమానాలలో పావురాలను తీసుకువెళ్లేవారు. ఆ విమానంలో ఉన్న వింకీ అనే పావురం బయటపడి ఎగిరిపోయింది. రెక్కలకు నూనె అంటి, తడిసి, అలసి, దాదాపు 190 కిలోమీటర్లు ఎగిరి స్కాట్లండులో డండీ పట్టణం దగ్గరనున్న తన గూటికి చేరుకొంది.

దాని కాలికి ఏ చీటీ లేదు. అయినా వారు ఊరుకోలేదు. విమానం పడిన వేళకూ పావురం వచ్చిన వేళకూ ఉన్న తేడా చూశారు. గాలి ఎటు వీచిందో చూశారు. నూనె అంటిన రెక్కలతో అది ఎంత వేగంగా ఎగరగలదో అంచనా కట్టారు. ఆ లెక్క ప్రకారం వెదకబోయిన విమానానికి తెప్ప దొరికింది. నలుగురూ బ్రతికారు. 1943 డిసెంబరులో ఆ పావురానికి డికిన్ పతకం ఇచ్చారు. జంతువులకు, పక్షులకు ఇచ్చే ఆ గౌరవాన్ని మొట్టమొదట అందుకొన్న మూడు పావురాలలో అదొకటి. నోవహు పావురం ఆకు తెచ్చిన కథ మన పిల్లలందరికీ తెలుసు. ఆదివారపు బడిలో దాని తరువాత ఈ కథ కూడా చెప్పవచ్చు.

ఎవరు రాలేదు?

సినిమాలోని రక్షణ, వింకీ తెచ్చిన రక్షణ, రెండూ ఎక్కడ మొదలయ్యాయి? లాంచి బయలుదేరినప్పుడు కాదు, పావురం వాలినప్పుడూ కాదు. అంతకు ముందే మొదలయ్యాయి. వైమానిక స్థావరాలలో ఒక నల్లబల్ల ఉండేది. ఏ విమానం ఏ వేళకు వెళ్లింది, ఎవరు నడుపుతున్నారు, ఏ వేళకు తిరిగి వచ్చింది అని దాని మీద రాసేవారు. చివరి గడి ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు చూసేవారు. 'ఇంకా రాలేదు' అనే ఆ చిన్న మాట పుట్టకపోతే ఎంత వేగపు లాంచి ఉన్నా రేవులోనే కట్టి ఉంటుంది.

లూకా 15వ అధ్యాయంలోని కాపరి సంగతి కూడా ఇంతే గదా. నూరు గొర్రెలలో ఒకటి లేదని అతనికి ఎలా తెలిసింది? లెక్కపెట్టుకొన్నాడు గనుక తెలిసింది.

మన తీరప్రాంత పాఠకులకు ఈ విషయం మేము వివరించనక్కరలేదు. 1996 నవంబరు 6న కాకినాడ దిగువన తీరం దాటిన తుపాను వేయి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లిన అనేకమంది మత్స్యకారులు తిరిగి రాలేదు. ఒడ్డున నిలబడి నీళ్ల వైపు చూస్తూ ఉండడమంటే ఏమిటో ఆ ఇళ్లలోని స్త్రీలకు తెలుసు. నేడు మన దేశంలో సముద్రంలో చిక్కుకొన్నవారిని వెదికే బాధ్యత భారత తీర రక్షక దళానిది. 'వయం రక్షామః' అనేది వారి నినాదం, మేము కాపాడుతాము అని అర్థం. విశాఖపట్నంలోను కాకినాడలోను వారి స్థావరాలున్నాయి. సముద్రంలో ఆపద గురించి తెలుపడానికి 1554 అనే ఉచిత ఫోను సంఖ్య ఉంది. వేటకు వెళ్లే పడవలో ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం ఉంటే రక్షకులు వెదకవలసిన నీరు ఎంతో తగ్గిపోతుంది.

అయితే ఫోను చేయవలసినది ఒడ్డున ఉన్నవారే. పడవలో ఎందరు వెళ్లారు, ఏ వైపు వెళ్లారు, ఏ రంగు పడవ, ఎప్పటికి వస్తామన్నారు, ఈ నాలుగు మాటలూ ఇంటిలో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. కాగితం మీద రాసి గోడకు తగిలించుకొన్నా మంచిదే. పైన చెప్పిన లెక్క గుర్తుంచుకోండి. రేపటి వరకు చూద్దామనుకొంటే సముద్రం పెద్దదవుతుంది.

నీళ్లలోనే కాదు, పొడి నేల మీద కూడా మనుషులు కొట్టుకుపోతున్నారు. హైదరాబాదు పనికి వెళ్లిన కుర్రవాడు మూడు నెలలుగా ఇంటికి ఫోను చేయలేదు. గల్ఫు దేశంలో ఇంటిపనికి వెళ్లిన చెల్లెలి గొంతు పోయిన సారి విన్నప్పుడు ఏదోలా ఉంది. పంట పోయి అప్పులలో మునిగిన అన్న ఆదివారం రావడం మానుకొన్నాడు. అతని చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని మనం చూశామా? చూసి, మరొకరు వెళతారులే అనుకొన్నామా? వారిలో ప్రతివారూ తెప్పలోని వారిలాగే, తమ కోసం ఎవరూ రావడం లేదనుకొంటూ ఉండవచ్చు.

ఆ లాంచీల కాలం ముగిసింది. బ్రిటిష్ వైమానిక దళపు పడవల శాఖను 1986లో మూసివేశారు. ఆ పని హెలికాప్టర్లు చేపట్టాయి. 2015లో ఆ దళం దేశీయ రక్షణ హెలికాప్టర్ల బాధ్యతను కూడా తీర రక్షక సంస్థకు అప్పగించింది. యంత్రాలు మారాయి, యజమానులు మారారు, పని మాత్రం మారలేదు.

ఈ చిత్రం మీకు చూడడానికి దొరికితే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడండి. ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోయినా తెప్ప, లాంచి, చీకటి, ఇవి అందరికీ అర్థమవుతాయి. చూసిన తరువాత కుటుంబమంతా కలిసి ఒక ప్రశ్న వేసుకోండి: మన లెక్కలో ఉండవలసిన వారిలో ఎవరు ఇంకా రాలేదు? ఒక పేరు గుర్తుకు వస్తే, ప్రార్థనలో తలచుకోండి. ఆ తరువాత తెల్లవారేదాకా ఆగక, ఆ సాయంత్రమే ఫోను చేయండి, లేదా చెప్పులు వేసుకొని ఆ ఇంటికి నడవండి.